దేవుడి కుండలో ఉప్పుడు బియ్యం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా మందిరానికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. ఆయన వెంట హిజ్లీలో ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయి ఒకతె ఉంది, గుంటూరు వైపు పిల్ల. ఇద్దరూ కలిసి నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. దాని మూత మీద పావురం బొమ్మ, కింద ‘పిడికెడు బియ్యం’ అని రంగు అక్షరాలు. పాతకాలపు ఆచారాన్ని మళ్ళీ మొదలుపెడుతున్నామని, వంటకి బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు ఇందులో వేసి ఆదివారం తెస్తే చాలని ఆ అమ్మాయి ఎంతో ముచ్చటగా చెప్పింది. నేను డబ్బాని ఇటూ అటూ తిప్పి చూశాను, మూత తీసి వాసన కూడా చూశాను. “ఇందులో ఏ బియ్యం పడ్డాయో చూసేదెవరమ్మా?” అని అడిగాను. “ఎవరూ చూడరాంటీ, అన్నీ కలిపేస్తాం” అంది. “అదే అడుగుతున్నాను. కలిపినాక ఏరేదెవరు?” అన్నాను. పాపం, ఆ పిల్లకి అర్థం కాలేదు. పాస్టరు గారు మాత్రం, ముసలమ్మకి ఏదో తేడా చేసినట్టుందనుకున్నారేమో, గబగబా ప్రార్థన చేసి లేచారు. వాళ్ళు వెళ్ళాక కూడా నాకు మనసు కుదురుగా లేదు. అనుమానం నాకు ఊరికే రాలేదు. అది మా మామ్మ నుంచి వచ్చింది, ముక్కు వచ్చినట్టే.

మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి. భీమిలి వైపు నుంచి మా తాత రైల్లో పనికని వచ్చి నిమ్‌పురా యార్డులో స్థిరపడ్డాక ఆయన వెనకే వచ్చింది. తాత పోయాక నాన్న దగ్గర, అదే యార్డు పక్కనున్న క్వార్టర్లో ఉండేది. క్వార్టరంటే రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు వరండా. ఆ వరండాలో కుక్కి మంచం మీద కూచుని ఆవిడ లోకాన్నంతా తనిఖీ చేసేది. గ్వాలా పాలు పోస్తే ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేసుకుని, అది జారిందంటే “దాదా, ఈ రోజు నీ గేదె ఎక్కువ నీళ్ళు తాగిందేటి?” అనేది. కూరగాయల దీదీ తక్కెడ ఎత్తితే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమనేది. చాకలి తెచ్చిన దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది మనదేనా, ఎవులో కప్పుకుని ఇచ్చినారా అని ఆరా తీసేది. ఇంట్లోవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. మేం బడి నుంచి వస్తే నోరు తెరవమనేది, జామకాయ తిన్నామో ఉప్పూకారం నాకామో తేల్చుకోడానికి. అలాగని ఆవిడ చెడ్డమనిషని ఎవరైనా అంటే నేను ఊరుకోను. తన పళ్ళెంలో వేసిన చేపముక్కలో మెత్తటి భాగం మాకే తీసి పెట్టేది. పెట్టి, తిన్నామో లేదో చూసేది.

ఆవిడ వెళ్ళని చోటు ఒక్కటే, వంటిల్లు. బొగ్గుల పొయ్యి పొగ పడక ఆయాసం వచ్చేది. అందుకని వర్కుషాపు సైరను మోగగానే అమ్మే పళ్ళెం తెచ్చి వరండాలో పెట్టేది. మామ్మ తిని చెయ్యి కడుక్కున్నాక మేం లోపల తినేవాళ్ళం. సన్నటి తెల్లన్నం, వంకాయ పులుసు, మంచం కింద సీసాలో పెట్టుకున్న ఆవకాయ. తింటున్నంతసేపూ బెంగాలీవాళ్ళ ఉప్పుడు బియ్యాన్ని తిడుతూ ఉండేది. వడ్లని ఉడకబెట్టి ఆరబెట్టి దంచితే వచ్చే ఆ లావు బియ్యం ఇక్కడి రేషను షాపులో దొరికేది. వండితే ఉడికిన ధాన్యం వాసన వేస్తుంది, మెతుకు మెతుక్కీ అంటదు. మన తెలుగువాళ్ళకి పచ్చి బియ్యమే బియ్యం. ఆ రోజుల్లో మా క్వార్టర్ల లైనులో ఉప్పుడు బియ్యం తింటున్నామని చెప్పుకోవడం ఎంత నామోషీ అంటే, రేషను సంచి మీద గోధుమల సంచి కప్పి తెచ్చుకునేవాళ్ళు.

మా మందిరంలో పిడికెడు బియ్యం పద్ధతి తాతల నాటిది. ప్రతి వంటింట్లోనూ పొయ్యి పక్కన చిన్న మట్టికుండ ఉండేది, దాన్ని దేవుడి కుండ అనేవాళ్ళం. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు అందులో వేసి, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థించుకునేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో మూటకట్టి తెచ్చి, పాట పాడుతుండగా బల్ల పక్కనున్న పెద్ద డ్రమ్ములో పోసేవాళ్ళు. డ్రమ్ము మూతికి తెల్లగుడ్డ కట్టి మధ్యలో చీలిక పెట్టేవాళ్ళు, ఎవరెంత తెచ్చారో పక్కవాళ్ళకి కనపడకూడదని. ఆ బియ్యం విధవలకీ, పని చెయ్యలేనివాళ్ళకీ వెళ్ళేది. తొలి శిష్యులు ఉన్నదంతా ఒక్కచోట పెట్టుకుని, ఎవరికెంత కావాలో అంత పంచుకున్నారని అప్పటి పాస్టరు అయ్యగారు చెప్పేవారు. మాకు అంత చాతకాకపోయినా పిడికెడైనా పంచుకుందామనేవారు. వినడానికి ఎంత బాగుండేదో. అన్నీ కలిశాక వాటిని చాటలో పోసి చెరిగే పని మాత్రం మా మామ్మది.

చూశారా, అనుమానానికి పుట్టినిల్లు లాంటి మనిషి చేతికి అందరి వంటిళ్ళ బియ్యమూ వచ్చిపడేది. సోమవారం పొద్దున్నే మందిరం వరండాలో చాట ముందు పెట్టుకుని ఒక్కొక్క గింజనే వేలితో దొర్లించేది. పచ్చి బియ్యంలో ఉప్పుడు బియ్యం కలిస్తే పెద్ద చిక్కు. ఒకటి గంజైపోయేసరికి ఇంకొకటి పలుకుగానే ఉంటుంది. తీసుకున్న ముసలమ్మలు పళ్ళు లేని నోటితో ఏం నములుతారు? మొదట్లో అక్కడోటి ఇక్కడోటి కనపడేవి. నేను బడికి పోతున్న ఒక ఏడాది, చలికాలం వచ్చేసరికి చాటలో లావు గింజలు బాగా ఎక్కువైనాయి. మామ్మ ఒక గుప్పెడు కొంగున కట్టుకుని నేరుగా అయ్యగారి దగ్గరికెళ్ళింది. “ఎవులో ఇంట్లో సన్నన్నం తిని దేవుడికి రేషను బియ్యం పోస్తన్నారయ్యగారూ. నాను ఊరుకోను” అంది. నేను పక్కనే ఉన్నాను. అయ్యగారు ఆ గింజలకేసి చూసి నిట్టూర్చారు.

తర్వాతి ఆదివారం ప్రసంగం దాని మీదే. పొలం అమ్మి, వచ్చినదంతా తెచ్చామని చెప్పి కొంత ఇంట్లో దాచుకున్న భార్యాభర్తలు శిష్యుల కాళ్ళ దగ్గర ఎలా కుప్పకూలి చచ్చిపోయారో అయ్యగారు చెప్పారు. మామూలుగా మెత్తగా మాట్లాడే మనిషి, ఆ రోజు వేలు చూపించారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ ఓరగా పక్కవాళ్ళని చూసుకున్నారు. పాట మొదలై సంచులు పోస్తుంటే మామ్మ ముందు బెంచీలో చెవి రిక్కించుకుని కూచుంది, ఉప్పుడు బియ్యం డ్రమ్ములో పడితే గలగలమంటాయని ఆవిడ నమ్మకం. మా అమ్మ సుగుణ వెళ్ళి తన సంచి పోసింది. ఆ సంచిలో ఏ బియ్యం ఉన్నాయో నాకూ తమ్ముడికీ తెలుసు. అమ్మ వెనక్కి తిరిగి వచ్చేదాకా ఆమె కాళ్ళవైపే చూశాను, ఎక్కడ కూలిపోతుందోనని. కూలలేదు. వచ్చి నా పక్కన కూచుని, “సదవట్లేదేటి, పాట పుస్తకం తెరువు” అంది.

ఆ ఏడాది మేం తింటున్నది ఉప్పుడన్నమే. మామ్మకి మాత్రం చిన్న గిన్నెలో పచ్చి బియ్యం విడిగా వండి, వరండాకి తీసుకెళ్ళేది అమ్మ. “మామ్మకి సెప్పకండి, ఆ నోటికి ఇది ఎక్కదు” అని మాకు ఒట్టు వేయించింది. అసలు కారణం అది కాదని మాకూ తెలుసు. పలాసలో మా బాబాయి, అంటే మామ్మ చిన్నకొడుకు, జీడిపప్పు మిల్లులో పనిచేసేవాడు. జీడి నూనె పడి చేతులు పుండ్లై పని మానేశాడు. ఇద్దరు పిల్లలు. నాన్న జీతం వచ్చిన రోజే వాళ్ళ వాటా తీసి పంపేసేవారు. మిగిలిన డబ్బుకి అందరికీ సన్నబియ్యం వచ్చేవి కావు. మామ్మ దృష్టిలో బాబాయి తాగుబోతు. చేతులు కాలడం ఒట్టి నాటకమని, ఆడికి ఇచ్చిందంతా సారా కొట్టుకే పోతుందని, ఎవరైనా పైసా పంపితే ఇంట్లో ముద్ద ముట్టనని బెదిరించి, పంపనని నాన్న చేత ప్రమాణం చేయించుకుంది. అందుకని అమ్మానాన్నా దొంగల్లా దానం చేసేవాళ్ళు. లోకంలో తప్పు చేసేవాళ్ళు దాక్కుంటారని విన్నాను గానీ, పెట్టడానికి దాక్కున్నవాళ్ళని మా ఇంట్లోనే చూశాను.

మామ్మ వాసన పట్టేసింది. ఏ ఇంటి సంచి గలగలమందో ఆవిడకి తేలలేదు గానీ, ఎవరినీ వదలకూడదు కాబట్టి సొంత ఇంటితోనే మొదలుపెట్టింది. అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయం చూసి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లో దూరింది. బొగ్గుల బస్తా వెనక రేకు డబ్బా దొరికింది, అందులో రేషను బియ్యం. దాన్ని ఆనుకునే దేవుడి కుండ. అటక మీద సన్నబియ్యం. మామ్మ లెక్క సరిపోయింది: తినేది సన్నబియ్యం, దేవుడికి పోసేది దాచిపెట్టిన లావు బియ్యం. అమ్మ నీళ్ళబిందెతో వచ్చేలోపే ఆవిడ చెప్పులేసుకుని సంఘపెద్ద దేవసహాయం గారింటికి వెళ్ళిపోయింది. ఒక్కమాట కోడల్ని అడగొచ్చు కదా? అడగలేదు. దేవుడి దగ్గర తనామనా లేదని తర్వాత చెప్పుకుంది. నాకు ఇప్పటికీ ఆ మాట మింగుడుపడదు.

దేవసహాయం గారు గూడ్సు గార్డు చేసి రిటైరైనాయన. ఆ ఆదివారం అందరూ వెళ్ళాక అమ్మని ఆపి, పెద్దల ముందు నిలబెట్టారు. నాన్న డ్యూటీలో ఉన్నారు. మామ్మ ముందు బెంచీలోనే, గోడవైపు చూస్తూ. నేను తలుపు దగ్గర.

“ఇంట్లో పచ్చి బియ్యం ఉన్నాయామ్మా?”

“ఉన్నాయండి.”

“వండుతావా?”

“వండుతానండి.”

“మరి దేవుడికి ఉప్పుడు బియ్యం ఎందుకు పోసినావు?”

అమ్మ మామ్మవైపు చూసింది. మామ్మ ఒక్కత్తే సన్నన్నం తింటుందంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే పలాసలో పిల్లలకి కూడు పోతుంది. చివరికి అంది, “మేం తినేదే పోసినానండి. దేవుడు ఇంటి మనిషనుకున్నాను గానీ సుట్టమనుకోలేదు.”

“మాటలు బాగా నేర్సినావు” అన్నారు దేవసహాయం గారు. సన్నబియ్యంతో వచ్చి తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకూడదని చెప్పేశారు. బల్లంటే నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందరూ కలిసి పుచ్చుకోవడం. దానికి దూరం పెట్టడమంటే మా లైనులో వెలివేసినట్టే. పక్కింటివాళ్ళు పలకరింపు తగ్గించారు. కుళాయి దగ్గర అమ్మ బిందె పెడితే ముందువెనకలున్న బిందెలు కొంచెం జరిగేవి. మొదటి ఆదివారం వచ్చింది. అమ్మ వెళ్ళి ఆఖరి బెంచీలో కూచుంది. రొట్టె పళ్ళెం ఆమె ముందునుంచి పక్కకి వెళ్ళిపోయింది. మా అమ్మ తల వంచలేదు. నాకు మాత్రం ఏడుపు, కోపం, ఎవరినైనా కరవాలన్నంత కోపం వచ్చాయి. నాన్న నిజం చెప్పేస్తానని లేచారట. “సెప్తే అత్త ముద్ద మానేస్తాది, మీ తమ్ముడికి మనం పంపడం మానేస్తాం. నాకు బల్ల ఆగితే ఆగనీ” అందట అమ్మ.

మామ్మకి అక్కడే కొత్త అనుమానం పుట్టింది. పట్టుబడ్డ మనిషి ఏడవాలి, లేదా ఎదురు తిరగాలి. కోడలు రెండూ చెయ్యడం లేదు. పైగా రోజూ సైరను మోగగానే సన్నన్నం పళ్ళెం తెచ్చిపెట్టి, “పులుసు సాలా అత్తా?” అని ఎప్పట్లాగే అడుగుతోంది. “ఇందులో ఏదో ఉందొలే” అని నాతోనే అంది మామ్మ. ఒక మధ్యాహ్నం తను తినడం సగంలో ఆపేసి, పళ్ళెం అక్కడే వదిలి వంటింట్లోకి వచ్చేసింది. పొగ ఇంకా ఉంది. మేం ముగ్గురం నేలమీద కూచుని తింటున్నాం. ఆవిడ గోడ పట్టుకుని మెల్లిగా నా పక్కన చతికిలబడి, నా పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. లావు మెతుకులు, అంత త్వరగా నలగవు. నమిలి నమిలి మింగింది. తమ్ముడు భయంతో నీళ్ళగ్లాసు అందించాడు.

“ఎప్పటినుంచి?” అని అడిగింది దగ్గుతూ.

అమ్మ ఇంక దాచలేదు. బాబాయి చేతులు, పిల్లలు, నాన్న పంపుతున్నది, అంతా చెప్పేసింది. మామ్మ మెచ్చుకుంటుందని, కౌగిలించుకుంటుందని అనుకుంటే పొరపాటు. ఆవిడ ముఖం నల్లగా మాడిపోయింది.

“దేవుడు ఇంటి మనిషని పెద్దల కాడ సెప్పినావు. నాను సుట్టాన్నా?” అంది. “ఆ దేవుడికి పెట్టిన కూడు నాకెందుకు పెట్టలేకపోయినావు?”

“మీరు తినరని అత్తా.”

“నన్ను అడిగినావేటి?”

“మీరూ నన్ను అడగలేదు కదత్తా” అంది అమ్మ నెమ్మదిగా. మామ్మ దగ్గు ఆగేదాకా అక్కడే కూచుని, లేచి వెళ్ళిపోయింది. ఆ పూట వరండాలో మిగిలిన సన్నన్నం కాకులు తిన్నాయి.

మళ్ళీ మొదటి ఆదివారం మామ్మ ముందు బెంచీకి పోలేదు. కర్ర పొడుచుకుంటూ ఆఖరి బెంచీకి వచ్చి అమ్మ పక్కన కూచుంది. బల్ల మొదలైంది. దేవసహాయం గారు పళ్ళెం పట్టుకుని వచ్చి, అమ్మని దాటించి, మామ్మకి అందించబోయారు.

“వద్దు బావూ” అంది మామ్మ, మందిరమంతటికీ వినపడేట్టు. “నా కోడలు తన పిల్లలకి లావన్నం పెట్టి నాకు సన్నన్నం పెట్టింది. నాను రాళ్ళలాగా ఏరినవి నా మనవల నోటికాడివి. తప్పుడు ఫిర్యాదు నాది. బల్ల ఆపితే నాకు ఆపండి.”

దేవసహాయం గారు పళ్ళెంతో అలాగే నిలబడ్డారు. అయ్యగారు బల్ల దగ్గర్నుంచి దిగి, తనే ఆఖరి బెంచీకి నడిచి వచ్చారు. రొట్టె ముక్క విరిచి అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ పుచ్చుకుంది. అప్పుడు ఏడ్చింది, నెలంతా దాచిందంతా. తర్వాత ఆయన మామ్మవైపు తిరిగితే మామ్మ చేతులు కొంగులో ముడుచుకుంది. “నాకు ఇంకా కాదయ్యగారూ” అంది. ఆయన బలవంతపెట్టలేదు.

ఆ తర్వాతి వారం డ్రమ్ములో ఉప్పుడు బియ్యమే ఎక్కువ పడ్డాయి. లైనులో సగం ఇళ్ళు లోపల తినేది అదేనన్నమాట, దేవుడి కోసం సన్నవి విడిగా తెచ్చి పోస్తున్నారన్నమాట. ఇప్పుడు మా మందిరంలో గోడకి చతురస్రపు గళ్ళ బొమ్మ అంటించారు, ఫోను చూపిస్తే కానుక వెళ్ళిపోతుంది. ఎవరి సంచీ గలగలమనదు, ఎవరినీ ఆఖరి బెంచీకి పంపరు. అది మంచిదే, ఆ నెల రోజులు మా అమ్మ పడ్డది ఇంకెవరూ పడకూడదు. అయినా నాకు ఒక అనుమానం. ఆనాడు మా వంటింట్లోకి దూరింది తనిఖీకే అయినా, ఒక మనిషంటూ దూరింది. మేం ఏం తింటున్నామో ఆ వంకతోనైనా తెలిసింది. ఇప్పుడు మా వీధిలో ఎవరి గిన్నెలో ఏముందో నాకు తెలీదు, నా గిన్నెలో ఏముందో ఇంకొకరికి తెలీదు. పాస్టరు గారిచ్చిన డబ్బాలో రోజూ పిడికెడు వేస్తున్నాను. ఏ బియ్యమో మాత్రం చెప్పను.

ఆ బల్ల ఆదివారం మధ్యాహ్నం నాన్న డ్యూటీకి బయల్దేరుతుంటే మామ్మ వరండాలోంచి పిలిచింది. “ఒరే, రేపు ఆఫీసులో నాకు పలాసకి రైలు పాసు రాయించు” అంది.

నాన్న చెప్పు తొడుక్కుంటూ ఆగిపోయారు. “తమ్ముడి దగ్గరికా అమ్మా? ఆడు నిజంగానే తాగడం లేదే, నాను సెప్తన్నాను కదా.”

“నువ్వు సెప్తే నాను నమ్మాలా?” అంది మామ్మ. “ఆడు తాగుతున్నాడో, అసలు తింటన్నాడో లేదో, నా కళ్ళతో నానే సూసుకోవాలి. ఆ సేతులు ఒకసారి నా సేతుల్లో పెట్టమను.”